చిరునామాలు మార్చాక నా సైటు సెర్చ్‌లో కనబడటం మానేసింది, ఎక్కడ వెతకాలి?

చైనుజారింది:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

సైకిలు రిపేర్ల మీద ఒక సైటు నడుపుతున్నాను. 2017లో మొదలుపెట్టాను, ఇప్పటికి 163 వ్యాసాలు. అన్నీ నా చేతి మసి అంటినవే. విప్పి చూడని భాగం గురించి ఒక్క ముక్క రాయలేదు. ప్రకటనలు లేవు, అమ్మేదేమీ లేదు. రాత్రిపూట చైను తెగి, ఫోనులో వెతుక్కుని, నా పేజీ చూసి బాగుచేసుకున్నామని ఎవరైనా రెండు ముక్కలు రాస్తే అదే నాకు కూలి.

పదకొండు వారాల కిందట కొత్త థీమ్ వేశాను. పాతదానిలో ఫోను మీద అక్షరాలు చీమల బారులా ఉండేవి. పనిలో పనిగా చిరునామాలు కూడా సర్దాను. ఇదివరకు ప్రతి యూఆర్ఎల్‌లో సంవత్సరం, నెల ఉండేవి. 2018 అని కనబడితే పాత సరుకనుకుని వెళ్లిపోతారేమోనని తీసేశాను. అక్కడే ఏదో అయ్యుండాలి. రోజుకి 400 దాకా క్లిక్కులు వచ్చేవి. మూడో వారానికి 150కి పడ్డాయి, ఇప్పుడు 60. అందులో ఓ పది, వెతికి వెతికి నేనే నొక్కినవి.

కంగారులో ఏమేం చేశానో దాచకుండా చెప్తాను, తిట్టేవాళ్లకి సులువుగా ఉంటుంది. రెండు రాత్రులు కూర్చుని 163 పేజీలకీ మెటా కీవర్డులు (పేజీ కోడులో కంటికి కనబడకుండా ఉండే వెతుకుడు మాటలు) నింపాను: సైకిలు, సైకిల్, సైకిళ్లు, బైసికిల్, ఇంకా నాకు తోచిన తప్పుల స్పెల్లింగులన్నీ. సైట్‌మ్యాప్, అంటే నా పేజీల చిరునామాల జాబితా, గూగుల్‌కి నాలుగుసార్లు పంపాను. అందులో ప్రయారిటీ అని ఒక గడి ఉంటే అన్నిటికీ 1.0 ఇచ్చాను. సెర్చ్ కన్సోల్‌లో (సెర్చ్‌లో సైటు పరిస్థితి యజమానికి చూపే గూగుల్ సాధనం) ఇండెక్స్ చెయ్యమని, అంటే సెర్చ్ జాబితాలో చేర్చుకోమని, అడిగే బటన్ ఉంది కదా, ఈ రోజుకి ఇక చాలు అని అది చెప్పేదాకా రోజూ నొక్కాను. చివరికి పాత వ్యాసాల తేదీలన్నీ ఈ నెలకి మార్చేశాను. 2018లో రాసిన పంక్చరు వ్యాసం ఇప్పుడు నిన్న రాసినట్టు కనబడుతోంది. దీనికి మాత్రం సిగ్గుగానే ఉంది.

ఈలోగా ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. నెలలో మొదటి స్థానం గ్యారంటీ అట, 500 బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి నా సైటుకి లింకులు, వేస్తారట. నా డొమైన్ అథారిటీ 14 అని ఒక రిపోర్టు కూడా పంపారు. వందకి పద్నాలుగు! బళ్లో లెక్కల్లో కూడా నాకు అంత తక్కువ రాలేదు.

మా మేనల్లుడేమో ప్రతి వ్యాసం 2000 పదాలుంటేనే పైకి వస్తుందంటాడు. బ్రేకు కీచుమంటే ఏం చెయ్యాలో 300 పదాల్లో అయిపోతుంది. మిగతా 1700 పదాల్లో చక్రం ఎలా పుట్టిందో చెప్పమంటారా?

అసలు మొదట ఏం చూడాలో చెప్పండి. కోడు కొంచెం చదవగలను, రాయలేను.

పాతసర్వరు:

చైనుజారింది గారూ, ముందు ఓ వారం దేన్నీ ముట్టుకోకండి. జబ్బేమిటో తెలియకుండా నాలుగు మందులు వేసేశారు. ఇంకోటి వేస్తే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో ఎవరికీ తెలియదు.

మీరు చేసినవాటిలో చాలా వరకు హాని లేదు, ఫలితమూ లేదు. మెటా కీవర్డులు ర్యాంకింగుకి వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బాహాటంగా చెప్పింది. సైట్‌మ్యాప్‌లో ప్రయారిటీ గడిని అది అసలు చూడదు. చూసేది చివరిగా మార్చిన తేదీని, అదీ ఆ తేదీ నిజమని నమ్మకం కుదిరితేనే. మీరు తేదీలన్నీ మార్చి ఆ ఒక్క నమ్మకాన్నీ పోగొట్టుకునే పనిలో ఉన్నారు, వెంటనే వెనక్కి పెట్టేయండి (ముట్టుకోవద్దన్నాను గానీ, ఇది మినహాయింపు). ఒకే పేజీకి ఇండెక్స్ బటన్ పదిసార్లు నొక్కినా వరసలో ముందుకి జరగదు. డొమైన్ అథారిటీ గూగుల్ లెక్క కాదు, సైటు ఎంత పైకి రాగలదో మోజ్ అనే సంస్థ సొంతంగా కట్టే అంచనా. ఆ 14ని చూసి నిద్ర పాడుచేసుకోకండి. ఇన్ని పదాలుండాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. మీ 300 పదాలు 300గానే ఉండనివ్వండి.

ఇక అసలు సంగతి. బాట్ (పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రాము) వచ్చి పేజీ చదవాలి, చదివింది ఇండెక్సులో దాచుకోవాలి, ఎవరైనా అడిగినప్పుడు ఏది ముందో ఏది వెనకో తేల్చాలి. జనం బుర్రంతా ఈ మూడోదాని మీదే ఉంటుంది. 400 నుంచి 60కి పడ్డారంటే నా అనుమానం మొదటి రెండిటి మీద. చైను ఊడిన సైకిలుకి గేర్లు మార్చి ఏం లాభం?

మూడు పనులు చేసి చూసింది చూసినట్టు ఇక్కడ రాయండి.

సెర్చ్ కన్సోల్‌లో పేజీల రిపోర్టు తెరిచి, ఎన్ని ఇండెక్సయ్యాయో, కానివాటికి ఏ కారణం కింద ఎన్ని చూపిస్తోందో రాసుకోండి. రెండోది, ఎవరో ఎప్పుడో మీకిచ్చిన పాత లింకు ఒకటి, సంవత్సరం నెల ఉన్నది, ఎక్కడైనా పట్టుకుని నొక్కండి. ఎక్కడికి తీసుకెళ్తోంది? మూడోది ముఖ్యం. ఒక మంచి వ్యాసాన్ని అదే కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి లైవ్ టెస్ట్ చెయ్యండి. బాట్‌కి కనబడిన హెచ్‌టీఎంఎల్ (పేజీ కోడు) అక్కడ చూపిస్తుంది. వ్యాసం మధ్యలోని ఒక వాక్యాన్ని అందులో వెతకండి. మొదటి పేరాలోది కాదు, మధ్యలోది.

ఆ కన్సోల్‌లో క్లిక్కుల లెక్కలు 16 నెలలే నిలుస్తాయి. పాత అంకెలు ఇప్పుడే దించి పెట్టుకోండి, తర్వాత కావాలన్నా దొరకవు.

రెండోపేజీవాసి:

పెద్దాయన చెప్పిన పనులు చెయ్యండి. నేను లింకుల గురించి ఒక్క మాట చెప్పి పోతాను, ఎందుకంటే ఆ గోతిలో నేను పడ్డాను.

నాకూ అలాగే గ్యారంటీ ఇచ్చారు. మొదటి స్థానానికి గ్యారంటీ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదని, అలా ఇచ్చేవాళ్లని దూరం పెట్టమని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. అది చదవకముందే ఒప్పుకున్నాను. నా సైటు తోటపని మీద. నాకొచ్చిన లింకులు జూదం సైట్ల నుంచి, పేరు కూడా పలకలేని డైరెక్టరీల నుంచి. రెండు నెలలు పైకి లేచింది, నిజమే. తర్వాత అసహజమైన లింకులున్నాయని గూగుల్ నుంచి మాన్యువల్ యాక్షన్ (మనుషులు చూసి వేసే శిక్ష) నోటీసు వచ్చింది. పాలకూర విత్తనాల పేజీకి జూదం గది నుంచి లింకేమిటని అడిగితే నా దగ్గర సమాధానం ఏముంటుంది?

ఆ లింకులన్నీ జాబితా రాసి, తీసేయమని ఒక్కొక్కరికీ ఉత్తరాలు రాసి, తియ్యనివాళ్లవి డిస్‌అవౌ ఫైలులో (ఈ లింకులు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితా) పెట్టి, మళ్లీ చూడమని అర్జీ పెట్టుకున్నాను. మొదటి అర్జీ తిరస్కరించారు. రెండోది ఒప్పుకున్నారు. లింకులు వేసిన కంపెనీ మాత్రం ఫోను ఎత్తడం ఎప్పుడో మానేసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ (దొంగ లింకుల్ని పట్టే గూగుల్ మార్పు) వచ్చినప్పటి నుంచీ ఈ కథ నడుస్తూనే ఉందని నాకు అన్నీ అయ్యాక తెలిసింది.

చైనుజారింది:

పాతసర్వరు గారూ, చెప్పినట్టే చేశాను. తేదీలు వెనక్కి పెట్టాను. కంపెనీకి వద్దని చెప్పాను, రెండోపేజీవాసి గారికి దణ్ణం.

163లో ఇండెక్సయినవి 41. మిగతావాటిలో 97కి "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అంటోంది. అంటే వచ్చి చూసి, అక్కర్లేదని వెళ్లిపోయిందన్నమాట. ఇంటికి వచ్చిన చుట్టం మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లినట్టుంది. ఇవి కాక "సాఫ్ట్ 404" అని 150కి పైగా ఉన్నాయి, అన్నీ పాత చిరునామాలే.

పాత లింకు నొక్కాను. 2018లో ఒక సైకిళ్ల క్లబ్బు వాళ్లు నా టైరు కొలతల వ్యాసానికి ఇచ్చిన లింకది. అది నేరుగా నా సైటు మొదటి పేజీకి తీసుకెళ్లింది! ఆ వ్యాసం ఉంది, కొత్త చిరునామాలో భద్రంగా ఉంది. కానీ వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోతున్నాడు. దారి తప్పినవాళ్లని ఇంటికి పంపే ప్లగిన్ ఒకటి వేశాను లెండి, పేరు చూసి మంచిదనుకున్నాను.

మూడోది చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి పేరా ఉంది. మధ్యలో వాక్యం వెతికితే లేదు. అసలు రెండో పేరా నుంచీ ఏమీ లేదు. కొత్త థీమ్‌లో "ఇంకా చదవండి" అని ఒక బటన్ ఉంది, ఫోనులో ముచ్చటగా ఉంటుంది. నొక్కితే మిగతా వ్యాసం వస్తుంది. దాని వల్లేనా?

పాతసర్వరు:

దాని వల్లే. మీ రెండు జబ్బులూ మీరే పట్టుకున్నారు.

బటన్‌లో రెండు రకాలుంటాయి. వ్యాసమంతా ముందే పేజీలో ఉండి, కంటికి మాత్రం ముడుచుకుని ఉండేది ఒకటి. దాంతో ఇబ్బంది లేదు, బాట్ చదువుకుంటుంది. మీది రెండో రకం. నొక్కాకే సర్వరు నుంచి మిగతా ముక్క తెప్పిస్తుంది. గూగుల్ బాట్ జావాస్క్రిప్టు నడుపుతుంది గానీ బటన్లు నొక్కదు. పైగా ఇండెక్సు చేసేది ఫోను రూపాన్ని చూసే. కంప్యూటరులో తెరిచి "అంతా బాగానే ఉందే" అనుకుంటే తెలిసేది కాదు. కాబట్టి దానికి కనబడిందల్లా 163 మొదటి పేరాలు. అందులో సగం "నమస్కారం మిత్రులారా"తో మొదలవుతాయని నా అనుమానం. అవునా?

థీమ్ సెట్టింగుల్లో ఆ బటన్ ఆపేయండి. ఆపడం కుదరకపోతే థీమే మార్చండి, మొహమాటం వద్దు. ఆపాక లైవ్ టెస్ట్ మళ్లీ చేసి, అదే వాక్యం మళ్లీ వెతకండి. దొరికితేనే తర్వాతి పనికి వెళ్లండి.

ఆ ప్లగిన్ తీసేయండి. పోయిన పేజీలన్నిటినీ మొదటి పేజీకి మళ్లిస్తే, అడిగిందొకటి ఇచ్చిందొకటి కాబట్టి గూగుల్ దాన్ని లేని పేజీ కిందే జమకడుతుంది. మీరు చూసిన సాఫ్ట్ 404 అదే. క్లబ్బు వాళ్లిచ్చిన లింకు విలువ కూడా దాంతోపాటే గాల్లో కలిసింది. మీరు చెయ్యాల్సింది, ఏ పాత చిరునామాని ఆ కొత్త చిరునామాకే 301 తో (పేజీ శాశ్వతంగా అక్కడికి మారిందని చెప్పే సంకేతం) మళ్లించడం. మీ చిరునామాల్లో మారింది సంవత్సరం, నెల మాత్రమే అయితే 163 వరసలు రాయక్కర్లేదు, ఒక్క రూలు చాలు. హోస్టింగ్ వాళ్ల సహాయ విభాగాన్ని అడిగితే రాసిస్తారు. పేర్లు కూడా మార్చినవి ఏవైనా ఉంటే వాటికి విడిగా రాయండి. ఈ మళ్లింపులు కనీసం ఏడాది ఉంచండి. నన్నడిగితే తియ్యనే వద్దు.

వ్యాసాల్లోంచి వ్యాసాలకి మీరిచ్చుకున్న లింకులు కూడా పాత చిరునామాలతోనే ఉంటాయి, వాటినీ సరిచెయ్యండి. రేపటికల్లా ఏమీ మారదు. ఇంత సైటుకి కొన్ని వారాలు పడుతుంది.

ఒకటి అడగాలి. ఆ టైరు కొలతల వ్యాసంలో కొలతలు ఎలా పెట్టారు?

చైనుజారింది:

"నమస్కారం మిత్రులారా" లెక్కపెట్టాను. 88. మీ అనుమానానికి ఒక దణ్ణం.

కొలతలు పట్టిక గీసి ఫొటో తీసి పెట్టాను. నా దస్తూరీ బాగుంటుంది. అందులో ఉన్నది చాలామందికి తెలియని విషయం. టైరు మీద 26 అని ఉంటే సరిపోదు. 26 × 1.75 అన్నది 559 మిల్లీమీటర్ల రిమ్ముకి పడుతుంది, 26 × 1 3/8 అన్నది 590కి. రెండూ ఇరవయ్యారే, ఒకదానికొకటి పట్టవు. కొనుక్కొచ్చి, ఎక్కక, టైరు లివర్లు విరగ్గొట్టుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో.

పాతసర్వరు:

ఇప్పుడు ఇక్కడ రాసిన ఈ నాలుగు వాక్యాలు మీ సైటులో అక్షరాల్లో ఎక్కడా లేవన్నమాట! ఫొటో ఉండనివ్వండి, మీ దస్తూరీ జనం చూడనివ్వండి. దాని కింద అదే పట్టిక మామూలు హెచ్‌టీఎంఎల్ పట్టికగా పెట్టండి. 559 అని టైపు చేసి వెతికేవాడికి కావాల్సింది అదే. కొన్ని ఫొటోల్లోని అక్షరాలు యంత్రం చదవగలదు, కాదనను. చేతిరాత దగ్గర దాన్ని నమ్ముకోకండి.

కొత్తచెయ్యి:

అన్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకు. నీ సైటు చూశాను, వ్యాసాలు చాలా బాగున్నాయి. కానీ ఆ శీర్షికలేంటన్నా? బ్రేకు వ్యాసం పేరు "కీచురాయి కథ". చువ్వలు వదులైతే ఏం చెయ్యాలన్నదాని పేరు "చక్రం అలిగింది". నాకు బ్రేకు అరిస్తే "కీచురాయి" అని వెతకను కదా. వెతికితే పురుగులొస్తాయి.

సెర్చ్ కన్సోల్‌లో క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితా చూడు. ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనబడిందన్న లెక్క) బాగా ఉండి, సగటు స్థానం 8 నుంచి 15 మధ్య ఉన్నవి ఏరు. అంటే నువ్వు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినవి. జనం ఏ మాటలతో అడుగుతున్నారో అక్కడే కనబడుతుంది. ఆ మాటలు శీర్షికలో, మొదటి రెండు వాక్యాల్లో ఉండాలి. నేనైతే పాత శీర్షికలన్నీ కొట్టేస్తాను.

పాతసర్వరు:

జాబితా చూడమన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కొట్టేయమన్నది ఒప్పుకోను. పేజీకి రెండు పేర్లుంటాయి. టైటిల్ ట్యాగులో ఉండేది ఒకటి, పేజీ మీద పెద్దక్షరాల్లో కనబడేది ఇంకోటి. మొదటిది వెతికేవాడి మాటల్లో ఉండాలి. "సైకిల్ బ్రేకు వేస్తే కీచుమని శబ్దం: కారణాలు, సరిచేసే పద్ధతి" లాగా. సెర్చ్ ఫలితాల్లో ఎక్కువగా చూపేది దాన్నే. రెండోది "కీచురాయి కథ"గానే ఉన్నా కొంపలేం మునగవు.

కొత్తచెయ్యి:

ఎక్కువగా అన్నారు చూశారా, ఎప్పుడూ అనలేదు. టైటిల్ ట్యాగు నచ్చకపోతే గూగుల్ పేజీలోని పెద్దక్షరాలనే తెచ్చి చూపిస్తుంది. 2021 నుంచి ఇది బాగా కనబడుతోంది. రెండు పేర్లూ పొంతన లేకుండా ఉంటే దానికి ఏది నచ్చుతుందో చెప్పలేం. పైన పెద్దక్షరాల్లో బ్రేకు శబ్దం అని పెట్టి, కింద చిన్నక్షరాల్లో కీచురాయిని కూర్చోబెడితే ఇద్దరికీ గొడవ ఉండదు.

పాతసర్వరు:

సరే, ఇది బాగుంది. నేను తగ్గాను.

చైనుజారింది:

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. మాయమయ్యాననుకోకండి, చేతి నిండా పని.

బటన్ తీసేశాను, వాక్యం దొరికింది. మళ్లింపుల రూలు హోస్టింగ్ వాళ్లు పది నిమిషాల్లో రాసిచ్చారు. పేర్లు మార్చినవి 19 తేలాయి, వాటికి విడిగా రాశాను. క్లబ్బు వాళ్ల లింకు ఇప్పుడు సరిగ్గా టైరు కొలతల మీదే దిగుతోంది. ఇండెక్సయినవి 41 నుంచి 132కి వచ్చాయి. క్లిక్కులు రోజుకి 230 దాకా. పాత 400 ఇంకా రాలేదు.

"నమస్కారం మిత్రులారా" 88 చోట్లా తీసేశాను. మనసు ఒప్పలేదు గానీ, తీసేశాక చదివితే వ్యాసం సూటిగా విషయంలోకి దిగుతోంది. బ్రేకు వ్యాసం ఇప్పుడు ఇలా మొదలవుతుంది: "బ్రేకు వేస్తే కీచుమంటోందంటే ముందు రిమ్ము తుడవండి, తర్వాత రబ్బరు ముందుకొస రిమ్ముని ముందుగా తాకేలా కాస్త వాల్చి బిగించండి." కీచురాయి కింద చిన్నక్షరాల్లో కూర్చుంది. ఆ పేజీ 14వ స్థానం నుంచి 6కి వచ్చింది, 310 పదాలతోనే. మేనల్లుడికి చూపించాను. మాట్లాడలేదు.

క్వెరీల జాబితా తెరిచినప్పుడు నాకొకటి తట్టింది. పంక్చరు మీద నేను నాలుగు వ్యాసాలు రాశాను, వేర్వేరు సంవత్సరాల్లో. ఒకే ప్రశ్నకి ఒకరోజు ఒకటి వస్తుంది, ఇంకోరోజు ఇంకోటి, ఏదీ పైకి రాదు. నాలుగూ కలిపి ఒకటి చేసి, మిగతా మూడిటినీ దానికి 301 చేశాను. సరేనా? చేసేశాను కాబట్టి సరే అనండి.

"చక్రం అలిగింది"ని మాత్రం మార్చలేదు. దాన్ని ఆ పేరుతోనే వెతికేవాళ్లు నెలకి ముగ్గురున్నారట.

ఇంకో అనుమానం. కొత్త చిరునామాలు తెలుగు లిపిలో పెట్టాను. ఎవరికైనా పంపితే శాతం గుర్తులతో మూరెడు పొడుగొస్తోంది. దీనివల్ల ర్యాంకు పడుతుందా?

పాతసర్వరు:

నాలుగు కలిపి ఒకటి చెయ్యడం సరే.

చిరునామా గురించి: ర్యాంకు పడదు, గూగుల్ వాటిని చదువుకుంటుంది. ఆ పొడుగు ఎందుకంటే, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడులో మన అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. "చైను" అన్న చిన్న మాటే కాపీ చేస్తే 36 అక్షరాలు. చూడ్డానికి బాగోదు, కొన్ని చోట్ల అతికిస్తే లింకు మధ్యలో తెగుతుంది. అంతకుమించి ఇబ్బంది లేదు. ఇక ముందు రాసేవాటికి ఏది కావాలంటే అది పెట్టుకోండి. ఉన్నవాటిని మాత్రం మళ్లీ మార్చకండి మహాప్రభో.